చేప తల్లి కథకి నీతి

ఏప్రిల్ 19

ఇది ఇంగ్లిష్‌లో రాద్దామనే మొదలుపెట్టాను. నాలుగు లైన్లు రాసి చూస్తే స్కూల్లో రాసే ‘మై హాలిడేస్’ వ్యాసంలా ఉంది. చింపేశాను. ఇంగ్లిష్‌లో నాకు అబద్ధాలు బాగా వస్తాయి. అందుకని తెలుగు. ఒత్తులు తప్పులుంటే ఉండనీ, ఎవరు దిద్దుతారు.

ఎవరూ చూడకూడదు. ఈ పుస్తకం స్టోర్ రూమ్‌లో, మామిడికాయలకి కట్టే కాగితం కవర్ల కట్టల వెనక పెడతాను. ఈ ఏడాదికి కవర్లు కట్టడం అయిపోయింది. మళ్ళీ పిందెలు వచ్చేదాకా అటు ఎవరూ వెళ్ళరు.

నిన్న మధ్యాహ్నం విన్నది ఒక్కసారి రాసేసి ఇంక రాయను.

ఉంగుటూరు నించి నానమ్మ చెల్లెలు వచ్చింది. ఇద్దరూ వెనక వసారాలో కూర్చుని మాగాయకి కాయలు చెక్కుతున్నారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు. నా మంచం కిటికీ పక్కనే. 

"పిల్ల బాగా పొడుగైంది బుజ్జక్కా, ఎవరి పోలికో" అంది ఆ చిన్న నానమ్మ.

నానమ్మ గొంతు తగ్గించింది. తగ్గించినా నానమ్మ గొంతు నానమ్మ గొంతే. "ఉదయ మొదటి మొగుడు పొడుగంట. ఈ పిల్ల కడుపులో ఉండగానే బండి మీంచి పడి పోయాడు. మావాడు హైదరాబాదులో పనిచేసేటప్పుడు చేసుకున్నాడుగా, చంటిపిల్లతో సహా. ఇక్కడికి వచ్చేసరికి పిల్ల నడుస్తోంది. ఊళ్ళో ఎవరూ అడగలా, మేం చెప్పలా."

"మరి పిల్లకి తెలుసా?"

"తెలీదు. పెళ్ళికి ముందు ఉదయ అడిగింది అదొక్కటే. పిల్లకి ఈ మాట ఎప్పుడూ అనకూడదు, కోపంలో కూడా నోట రాకూడదు అని. వీడు సరేనన్నాడు. నా చేత కూడా ఒట్టేయించాడు."

"మగాడి కోపం బుజ్జక్కా. ఎన్నాళ్ళని ఆపుకుంటాడు?"

తర్వాత ఉప్పు ఎంత, కారం ఎంత. ఆల్చిప్పతో చెక్కు గీరుతున్న చప్పుడు. 

అంతే. రాసేశాను.

ఈ నోట్‌బుక్ అట్ట మీద స్కూల్ వాళ్ళ లేబుల్ ఉంది. పేరు: సాహితి. క్లాసు: నైన్త్. తండ్రి పేరు: వెంకటకృష్ణారావు. లేబుల్ వైపు చాలాసేపు చూశాను. పీకలేదు.

ఏప్రిల్ 20

నేను బాగానే ఉన్నాను.

ఏప్రిల్ 23

స్కూల్ లాస్ట్ డే. ప్రియాంక మేడమ్ సమ్మర్ ప్రాజెక్టు ఇచ్చారు. ఇద్దరిద్దరికి ఒక్కో దేశం జానపద కథలు. నాకూ షాలోమీకీ ఇండోనేషియా. నాలుగు కథల జెరాక్స్ కాగితాలు చేతిలో పెట్టారు. కథలో ఏది దేనికి గుర్తో రాయాలి, నీతి రాయాలి, బొమ్మ వెయ్యాలి. "గూగుల్‌లో ఉన్నది దించితే నాకు తెలిసిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి కథ చెప్పండి. వాళ్ళేమంటారో అది కూడా రాయండి" అన్నారు.

బస్సులో షాలోమి పైకి చదివింది. మొదటి కథలో బుల్లి జింక నది దాటాలి. రాజుగారు విందు ఇస్తారు, మిమ్మల్ని లెక్కపెట్టాలి, వరసగా నిలబడండి అని మొసళ్ళకి చెప్పి, వాటి వీపుల మీంచి గెంతుకుంటూ అవతలికి వెళ్ళిపోతుంది. "నీతి: చిన్నవాళ్ళకి తెలివి ఉండాలి. నా నీతి: బస్సు పాస్ లేకపోయినా కండక్టర్‌ని మాటల్లో పెట్టాలి" అంది షాలోమి.

రెండోది దోసకాయలో పుట్టిన అమ్మాయి. రాక్షసుడు తరుముతుంటే ఒక్కో మూట విసురుతుంది. దోస గింజలు విసిరితే తీగలు, సూదులు విసిరితే ముళ్ళు, ఉప్పు విసిరితే సముద్రం. ఆఖర్న రొయ్యల ముద్ద విసిరితే బురద, అందులో వాడు మునిగిపోతాడు. "మా అమ్మ ఎండురొయ్యల కూరకి ఒక్క రాక్షసుడేం సరిపోతాడే, నూజివీడు మొత్తం మునిగిపోద్ది" అంది. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాను.

మూడోదాంట్లో ఒకమ్మాయి వాళ్ళమ్మని పనిమనిషి అని చెప్పుకుంటుంది. వాళ్ళమ్మ శపిస్తే రాయైపోతుంది. ఆ రాయికి ఇప్పటికీ కన్నీళ్ళు కారతాయంట.

షాలోమి దిగిపోయింది. నాలుగోది నేనొక్కదాన్నే చదివాను.

ఒక రైతు వలలో చేప పడుతుంది. అది ఆడమనిషైపోతుంది. నిన్ను పెళ్ళి చేసుకుంటాను, కానీ నేను చేపనన్న మాట ఎప్పుడూ ఎవరితో అనకూడదు అంటుంది. అతను ఒట్టేస్తాడు. కొడుకు పుడతాడు. వాడికి ఎప్పుడూ ఆకలే. ఒకరోజు నాన్నకి పొలానికి అన్నం, చేపల కూర తీసుకెళ్తూ దారిలో తినేస్తాడు. రైతు ఆకలి మీద మూత తీసి చూస్తే ముళ్ళే మిగిలుంటాయి. కోపంతో, ‘చేపకి పుట్టినవాడా’ అంటాడు.

పిల్లాడు ఏడుస్తూ వెళ్ళి అమ్మనడుగుతాడు, నిజమేనా అని. అమ్మ వాణ్ణి కొండెక్కమంటుంది. వాన మొదలవుతుంది. భూమిలోంచి నీళ్ళు తన్నుకొస్తాయి. ఊరు మునిగి పెద్ద సరస్సవుతుంది. రైతు కూడా మునిగిపోతాడు. సుమత్రా దీవిలో ఇప్పటికీ ఉందంట ఆ సరస్సు.

కోపంలో కూడా నోట రాకూడదు.

మేడమ్‌కి ఎలా తెలిసింది? మేడమ్‌కేం తెలీదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ కాగితం మడిచి బ్యాగ్ అడుగున పెట్టేశాను.

ఏప్రిల్ 25

ఇవాళ్టి నించి నాన్నకి తోటకి క్యారియర్ నేనే తీసుకెళ్తున్నాను. అమ్మ వెళ్ళమనలేదు, నేనే అడిగాను. రెడ్డిగూడెం రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ, మా తోట గేటు దాకా. కోత టైమ్‌లో నాన్న ఇంటికి తినడానికి రాడు. షెడ్డులోనే.

నేను ఊరికే సాయం చేస్తున్నాను. ఆ కథకీ దీనికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 26

మామిడికాయ పప్పు, గుత్తొంకాయ. నాకు ఆకలిగా ఉంది, మూత దగ్గర వాసన వస్తోంది. ముట్టుకోలేదు.

ఏప్రిల్ 28

కొత్త షూస్ అడగాలి. అడగలేదు. పాతవి సరిపోతాయి, వేళ్ళు కొంచెం మడిస్తే.

పొద్దున్నే లేచి గిన్నెలు కడిగాను. "ఏంటే, ఎండ దెబ్బ తగిలిందా?" అంది అమ్మ. నాన్న నవ్వాడు. "ఏంటి సాహితమ్మా, మాకేమైనా బిల్లు వేస్తావా ఆఖర్న?"

ఆ మాటకి ఎందుకో భయమేసింది. సరదాకే అన్నాడు. నాకు తెలుసు సరదాకే.

ఏప్రిల్ 30

ప్రాజెక్టు బొమ్మల కోసం షాలోమీ వాళ్ళింటికి వెళ్ళాను. అది టీలో పంచదార బదులు ఉప్పు వేసింది. వాళ్ళ డాడీ ఒక గుక్క తాగి, కప్పు గట్టు మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తాడు. "ఎవరికి పుట్టావే తల్లీ నువ్వు!"

నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. వాళ్ళెవరూ ఆగలేదు. "ఇంకెవరికండీ, ఆ తిక్కంతా మీదే" అని వాళ్ళమ్మ వంటింట్లోంచి అరిచింది. షాలోమి నా వైపు తిరిగి, "మా డాడీ డైలీ డైలాగ్ ఇది. మాథ్స్ మార్కులకి ఒకసారి, ఫోన్‌కి ఒకసారి" అంది.

దారి పొడుగునా ఆలోచించాను. అందరి నాన్నలూ అంటారు ఆ మాట. పాలు పోసే ఆయన వాళ్ళబ్బాయిని అంటాడు. డ్రిల్ సార్ అయితే క్లాసు మొత్తాన్నీ అంటాడు. మా నాన్న తిట్లు కూడా తక్కువేం కాదు. మొద్దు, బద్ధకం బస్తా, తిక్కల మేళం, చెవిటి మాలోకం. అన్నీ గుర్తు చేసుకున్నాను. చిన్నప్పుడు మోటారు స్విచ్ కాల్చేసిన రోజు, నానమ్మ కళ్ళజోడు మీద కూర్చున్న రోజు.

ఆ మాట లేదు. ఒక్కసారి కూడా లేదు. సరదాకి కూడా లేదు.

అంటే గుర్తుంది. ప్రతి తిట్టుకి ముందూ గుర్తొస్తుంది, ఇది నాది కాదు, జాగ్రత్త అని. షాలోమీ వాళ్ళ డాడీకి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, అందుకే అంటాడు.

మే 2

ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయాలిగా. నానమ్మకి చెప్పాను. అంతా విని, "ఆ ఇంట్లో చేపల పులుసు పెట్టుకునేవాళ్ళా మరి?" అంది.  కళ్ళజోడు సర్దుకుని, "ఎవరిచ్చార్రా ఈ కథ నీకు?" అంది. స్కూల్లో అన్నాను. లోపలికెళ్ళిపోయింది.

అమ్మకి చెప్పాను. మినప్పప్పు కడుగుతోంది. రైతు ఒట్టేశాడు అన్నదగ్గర చెయ్యి ఆగింది. నీళ్ళు కారిపోతున్నాయి, కుళాయి కట్టలేదు.

"వేరే కథ రాసుకోవే. ఆ దోసకాయ పిల్ల కథ బావుందన్నావుగా."

"ఇదే రాస్తానమ్మా. నీతి ఏంటో చెప్పు."

"నాకేం తెలుసు నీతులు."

"మాట తప్పకూడదు, అంతేనా?"

అమ్మ పప్పు నీళ్ళు వంచింది. "ఆవిడ అలా అడక్కుండా ఉండాల్సిందేమో" అంది. "అడిగిన రోజు నించీ ఆవిడే భయపడుతూ బతికుంటుంది. ఆయన అరిచినప్పుడల్లా."

నేను అమ్మ మొహం చూడలేదు. అమ్మ నా మొహం చూడలేదు. ఈ ఇంట్లో ఇద్దరం ఒకటే భయం పడుతున్నాం, అమ్మకి నా సంగతి తెలీదు.

చెప్పేస్తే? చెప్తే నీళ్ళు వస్తాయి. పిల్లాడు అడిగాకే వచ్చాయి. పిల్లాడు నోరు మూసుకునుంటే ఊరు మునిగేది కాదు. కథలో తప్పు పిల్లాడిదే. తినడం తప్పు, అడగడం తప్పు.

ఇదే రాస్తాను ప్రాజెక్టులో.

మే 3

రాయలేదు.

మే 6

మొదటి ఆయన పేరు కూడా నాకు తెలీదు. తెలుసుకోవాలని లేదు.

ఉంది.

నాన్న పేరు మాత్రం నాకు పద్నాలుగేళ్ళుగా తెలుసు. ఎవరైనా అడిగితే నిద్రలో కూడా చెప్తాను.

మే 9

నాన్న కోపంగా ఉన్నాడు. గాలికి కాయ రాలింది. ఫోన్‌లో ఎవరి మీదో అరిచాడు, తువ్వాలు విసిరికొట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాన్నకి కోపం ముందు చెవుల్లోకి వస్తుంది.

నేను వంటింట్లో తలుపు చాటున నిలబడ్డాను. అమ్మ కూడా. 

నా మీద కాదు. బతికిపోయాను.

మే 13

నాన్న సంతోషంగా ఉన్నాడు! ఈసారి బంగినపల్లి కాయ మార్కెట్‌కి వెయ్యకుండా, నేరుగా తినేవాళ్ళకే పంపిస్తున్నాడు. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు, శ్యామ్ సుందర్ గారని, అందరి తరఫునా ఆయనే మాట్లాడారు. అట్టపెట్టెల మీద మా తోట పేరు అచ్చు వేయించాడు. చిలకాకుపచ్చ రంగు. చాలా బావుంది.

"ప్యాకింగ్ దగ్గర నువ్వుండమ్మా. నీకు డెకరేషన్లు అవీ తెలుసుగా" అన్నాడు. ఎప్పుడూ తోట పని చెయ్యనివ్వడు నన్ను. వెళ్ళి చదువుకో అంటాడు. ఇవాళే మొదటిసారి.

షాలోమిని పిలుస్తాను. నేను చాలా బాగా చేస్తాను. నాకు అప్పజెప్పి మంచి పని చేశానని నాన్న అనుకోవాలి.

మే 15

ఎంత బాగా చేశామో! కోతవాళ్ళు గడకి వల కట్టిన చిక్కాలతో కాయలు దింపి, గంపలు షెడ్డులో పెట్టి, భోజనాలకి వెళ్ళారు. నాన్న వ్యాన్ మాట్లాడ్డానికి నూజివీడు వెళ్ళాడు. మేమిద్దరం మొదలుపెట్టాం. ప్రతి కాయకీ తొడిమ ఇంత పొడుగున వదిలేశారు, పుల్లల్లా. పెట్టెలో అసహ్యంగా ఉంది, పక్క కాయకి గుచ్చుకుంటోంది. సూపర్ మార్కెట్ ఫొటోల్లో కాయలు నున్నగా, గుండ్రంగా ఉంటాయి. కత్తెరతో తొడిమలన్నీ మొదలంటా కత్తిరించేశాం. టిష్యూ కాగితం చుట్టి, నిలబెట్టి, వరసలు పేర్చి, టేపు వేసేశాం. 

నాన్న వచ్చేసరికి పెట్టెలన్నీ రెడీ. "అప్పుడే అయిపోయిందా! గడ్డి మీద ఆరబెట్టేశారా కోతవాళ్ళు?" అన్నాడు. ఏమో అనుకుని ఊఁ అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టాడు. వ్యాన్ రేపు పొద్దున్న వస్తుందంట.

షాలోమికి పెదవి పక్కన సొన తగిలి మండింది. కొబ్బరినూనె రాశాను.

ఈ రోజు ఆ సంగతి అసలు గుర్తే రాలేదు. ఇప్పుడే గుర్తొచ్చింది.

మే 16

వ్యాన్ వెళ్ళలేదు.

మే 17

నిన్న ఇంకేం రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను, మొత్తం.

వ్యాన్‌లో ఎక్కించే ముందు నాన్న ఒక పెట్టె తెరిచాడు, ఫొటో తీసి శ్యామ్ సుందర్ గారికి పంపుదామని. కాగితం విప్పాడు. కాయ మీద పైనించి కింద దాకా నల్లటి చారలు. కాలినట్టు. ఇంకోటి విప్పాడు. ఇంకోటి. ఇంకో పెట్టె తెరిచాడు. నేను టేపు ఎంత గట్టిగా వేశానో, చింపుతుంటే అట్ట ఊడొచ్చింది. అన్ని పెట్టెల్లోనూ అంతే.

సొన. తొడిమ మొదలంటా కోస్తే సొన చిమ్ముతుంది. పొడుగ్గా ఉంచి దింపి, నీడలో తొడిమ తుంచి, కాయని తలకిందులుగా పెట్టి, కారాల్సిందంతా కారిపోయాక పెట్టెలో పెట్టాలంట. సొన మూతికి తగిలితే పొక్కుతుందని నాకు తెలుసు. కాయకి తగిలినా అంతేనని తెలీదు. మామిడి తోటలో పెరిగి తెలీదు.

అమ్మ వచ్చింది. నానమ్మ కూడా వచ్చింది. నానమ్మ ఒక కాయ ఎత్తి చూసి కూలబడింది. "అయ్యయ్యో, నోటికాడ కూడు. ఎవరైనా చేస్తారా ఈ పని! ఎక్కడి పోలిక ఎక్కడికి..."

"అమ్మా!" అన్నాడు నాన్న.

ఒక్కటే మాట. నానమ్మ నోరు మూసుకుంది. షెడ్డు రేకుల మీద ఉడత పరిగెత్తిన చప్పుడు వినపడింది. అమ్మ నానమ్మ వైపే చూస్తోంది.

నాన్న నా వైపు తిరిగాడు. చెవులు చూశాను. ఎర్రగా ఉన్నాయి, ఇంతకుముందెప్పుడూ అంత ఎరుపు చూడలేదు. చేతిలో ఆ నల్లచారల కాయ. ఇప్పుడే అనుకున్నాను. ఇప్పుడొస్తుంది. కళ్ళు మూసుకున్నాను. కొండ ఎక్కడుందో కూడా ఆలోచించాను, నిజంగా. ఇక్కడ కొండ లేదు.

"బుద్ధుందా నీకు!" అన్నాడు. "ఎవర్నడిగి కోశావ్ తొడిమలు? ఆ? తొడిమ కోసి పెట్టెలో పెట్టడమేంటి! రేపు ఈ ఊళ్ళో నేను తల ఎత్తుకోవాలా వద్దా? ఏమంటారో తెలుసా? కృష్ణారావు కూతురికి కాయ దింపడం రాదంటారు! మా తాత తోట ఇది. మా తాత చేసిన తోటలో, నా కూతురు, నా కూతురు, తొడిమ కత్తెరతో కోసిందని చెప్పుకుని నవ్వుతారు! రెడ్డిగూడెం దాకా నవ్వుతారు! ఎవరింట్లోనైనా చేస్తే సరే. నా కూతురై ఉండి నువ్వు చేస్తావా ఈ పని? నా పేరు చెడగొట్టావు కదే!"

ఇంకా చాలా అన్నాడు. మొద్దు అన్నాడు. ఇంగ్లిష్ మీడియంకి నిప్పు పెట్టాలన్నాడు. కత్తెర కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టాడు.

నేను కళ్ళు తెరిచాను. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఒక వింత చప్పుడొచ్చింది గొంతులోంచి. అక్కడే, ఊడిన అట్టల మధ్య కూలబడిపోయాను.

నాన్న భయపడిపోయాడు. కాయ పడేశాడు. "ఏయ్. ఏయ్ సాహితమ్మా. పోనీలే. పోతే పోయాయి కాయలు. ఉదయా, మంచినీళ్ళు తే. ఎక్కువ అరిచానా?" 

తిట్టు నాన్నా, ఇంకా తిట్టు అనాలనిపించింది. అనలేదు. అమ్మ కూడా నాతోపాటు ఏడుస్తోంది. వ్యాన్ డ్రైవర్ ఒకడే ఏమీ అర్థంకాక పక్కకెళ్ళి నిలబడ్డాడు.

కాయలన్నీ జ్యూస్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాయి. తొక్కే కాలింది, లోపల గుజ్జు బాగానే ఉందంట. శ్యామ్ సుందర్ గారికి నాన్న ఫోన్ చేసి, "మా అమ్మాయికి కొత్తండీ, నేర్చుకుంటోంది. వారం టైమివ్వండి" అన్నాడు.

మా అమ్మాయికి.

కోపంలో నిజం బయటకొస్తుందని కదా ఆ కథ చదివినప్పటినించీ నా భయం. వచ్చింది.

మే 18

నాన్న పొద్దున్నే లేపాడు. "తోటకి రా. ఇవాళ చదువు లేదు ఏం లేదు. తొడిమ సంగతి నేర్పుతా."

మే 19

నిన్నటిది రాయాలి. మర్చిపోకముందే.

నాన్న చిక్కంతో కాయ దింపాడు. నేను పట్టుకున్నాను, తొడిమతో సహా. నీడలో గడ్డి పరిచి, తొడిమ ఎక్కడ తుంచాలో చూపించాడు. తుంచగానే చిమ్మింది, మొహం పక్కకి పెట్టమన్నాడు. కాయని తలకిందులుగా పెట్టాలి. ఒక్కోటే. నావి వంకరగా పడుతుంటే సరిచేశాడు. అన్నీ పెట్టాక ఇంక పనేం లేదు, కారేదాకా ఆగడమే. ఇద్దరం పక్కన కూర్చున్నాం.

"ఏదో చేప కథ రాస్తున్నావంట. అమ్మ చెప్పింది" అన్నాడు. నా వైపు చూడలేదు. కాయల వైపే చూస్తున్నాడు.

చెప్పాను. మొత్తం చెప్పాను. వల, పెళ్ళి, ఒట్టు, అన్నం. నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా ఉంది. ముళ్ళు చూశాడు అన్నదగ్గర ఆగాను.

"అప్పుడేమన్నాడు?" అన్నాడు నాన్న.

"చేపకి పుట్టినవాడా అన్నాడు."

నాన్న గడ్డిపోచ తీసి విరిచాడు.  తోటలో ఎక్కడో కోతవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిల్చుకుంటున్నారు.

"నీతేం రాశావ్?"

"ఇంకా ఏం రాయలేదు నాన్నా. షాలోమి మాట తప్పకూడదని రాద్దామంటోంది."

"మాట తప్పాడు, సరే" అన్నాడు. "అంతకుముందు ఎన్నేళ్ళు తప్పలేదో రాశారా అందులో?"

"లేదు."

"పిల్లాడు అన్నం క్యారియర్ పట్టుకెళ్ళేంతవాడయ్యాడంటే బోల్డన్నేళ్ళు. అన్నేళ్ళలో వాడికి ఎన్నిసార్లు కోపం వచ్చుంటుంది? పంట పోయుంటుంది. పిల్లాడు ఏవో పాడుచేసుంటాడు. అప్పుడేం అనలేదుగా. ఆ ఒక్కరోజే రాసుకున్నారు. మిగతావి కూడా రాయాల్సింది."

 నాన్న ఒక కాయ కదిపి చూశాడు. ఇంకా చుక్కలు పడుతున్నాయి.

"పిల్లాడికి ముందే తెలుసా?" అన్నాడు. చాలా నెమ్మదిగా.

"కథలో లేదు నాన్నా."

"ఒకవేళ తెలుసనుకో."

నేను గడ్డి వైపు చూశాను. "తెలుసనుకుంటే?"

"తెలిసికూడా నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళేవాడంటావా?"

"తీసుకెళ్ళేవాడు" అన్నాను. "రోజూ తీసుకెళ్ళేవాడు. భయపడుతూ తీసుకెళ్ళేవాడు."

"భయమెందుకు?"

"అంటాడేమోనని."

నాన్న చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ సొనతో జిగటగా ఉన్నాయి, అతుక్కుపోయాయి. "అనడు" అన్నాడు. "అనాలన్నా వాడికి ఆ మాట గుర్తుండదమ్మా. చిన్నప్పుడు జాగ్రత్తపడే ఉంటాడు, కాదనను. తర్వాత తర్వాత మర్చిపోయుంటాడు. నా పిల్లాడేగా అన్నంత మర్చిపోయుంటాడు. మొన్న మీ నానమ్మ..." అని ఆగాడు. "మొన్న వాళ్ళమ్మ గుర్తుచేస్తే తప్ప."

ఆ తర్వాత మేం ఆ సంగతి ఇంక మాట్లాడలేదు. కాయలు తిప్పి తుడిచి గంపలో పెట్టాం. నాలుగు పాడుచేశాను. మొద్దు అన్నాడు.

మే 21

అమ్మ నా జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆపి, వెనకనించి నన్ను పట్టుకుని ఉండిపోయింది. నాన్న చెప్పాడనుకుంటా. నేనేం అడగలేదు. కాస్సేపయ్యాక, "ఆయన ఫొటో ఒకటుంది. నీకెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు" అంది.

ఇప్పుడు కాదన్నాను. తర్వాత అన్నాను.

వర్షం పడలేదు. నీళ్ళు ఎక్కడినించీ రాలేదు. మోటారుకి కరెంటు కూడా లేదివాళ.

మే 23

ప్రాజెక్టు పూర్తయింది. ఏది దేనికి గుర్తంటే: చేప, మాట. అన్నం, ఆకలి. సరస్సు, దాచుకున్నదంతా. కొండ దగ్గర షాలోమి ‘సేఫ్టీ’ అని రాసింది, ఉంచాను.

నీతి దగ్గర షాలోమి రాసింది కొట్టేశాను. ఇలా రాశాను, ఇంగ్లిష్‌లోనే, కానీ ఈసారి అబద్ధం కాదు. ఈ కథలో ఒక్కరోజే ఉంది. ఆ రైతు మాట నిలబెట్టుకున్న రోజులు కథలో లేవు. ఎవరైనా ఈ కథ మళ్ళీ చెప్తే ఆ రోజులు కూడా చెప్పాలి.

"ఇది నీతేంటే, కంప్లయింట్‌లా ఉంది" అంది షాలోమి.

"మా నాన్న చెప్పాడు" అన్నాను. పెద్దవాళ్ళ అభిప్రాయం అన్న గడిలో పేరు రాశాను. మా నాన్న, వెంకటకృష్ణారావు.

మే 25

ఇవాళ కొత్త పెట్టెలు విజయవాడ వెళ్ళాయి. ఒక్క చార లేదు.

అమ్మ క్యారియర్‌లో బొచ్చె చేప వేపుడు పెట్టింది. నాన్నకి ప్రాణం. సైకిల్ మీద సగం దూరం వెళ్ళాక ఆకలేసింది. ఆగాను. రోడ్డు పక్కన నీడలో స్టాండ్ వేసి మూత తీశాను. ఒక ముక్క తిన్నాను. బావుంది. ఇంకోటి తిన్నాను. ఇంక చాల్లే అనుకుంటూనే ఇంకోటి. మధ్య ముక్క, నాన్నకి ఇష్టమైనది. ముళ్ళు గిన్నెలోనే పెట్టి మూత పెట్టేశాను.

షెడ్డులో నాన్న చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మూత తీశాడు. తోక ముక్క ఒకటీ, ముళ్ళూ.

నా వైపు చూశాడు. నేను నాన్న చెవుల వైపు చూశాను.

"ఎవరే తిన్నది?"

"నేనే."

నాన్న ఇంకోసారి గిన్నెలోకి చూశాడు. ఒక ముల్లు వేలితో పైకి తీసి, పొడుగెంతుందో వెలుతురుకి పెట్టి చూసి, మొహం చిట్లించాడు.

"బొచ్చెకి ముళ్ళెక్కువ కదమ్మా" అన్నాడు. "రోడ్డు మీద నిలబడి తిన్నావా? చూసుకుని తిన్నావా, గొంతులో ఏం గుచ్చుకోలేదుగా?"